నాలుగు ఖాళీలు

ఆ మాన్యువల్ చివరి పేజీలో పదకొండు మంది పేర్లున్నాయి. నా పేరు లేదు. ఆ మాన్యువల్లో నా చేయి పడని పేజీ ఒక్కటీ లేదు. ఈ సంగతి ఎత్తినప్పుడల్లా మా ఆవిడ "మళ్లీ మొదలుపెట్టినావా" అంటుంది. మొదలుపెట్టడం కాదు, నేనెప్పుడూ ఆపలేదు.

కడపలో మా ఆఫీసు ఒక బండల షాపు పైన ఉండేది. కింద బండలు కోసినంతసేపూ పైన మా కీబోర్డుల మీద సన్నటి దుమ్ము పడేది. మా కంపెనీ డ్రిప్ పెట్టుకున్న రైతులకు సాఫ్ట్‌వేర్ చేసేది. ఫోన్‌లో నొక్కితే మోటారు ఆడుతుంది, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో అంతసేపే పారతాయి. దానికి వెబ్‌లో ఒక తెలుగు మాన్యువల్. ఇంజనీర్లు రాసి పడేసినదాన్ని సరిచేయడం నా పని. మాటలు కాదు, మాటల చుట్టూ పెట్టే గుర్తులు. శీర్షిక ముందు పెట్టే హాష్ గుర్తు (#) పక్కన ఖాళీ వదలకపోతే శీర్షిక కాస్తా మామూలు వాక్యమై కూర్చుంటుంది. కోడ్ మొదట్లో పెట్టిన గుర్తులు చివర పెట్టడం మరిచిపోతే కింద పేజీ మొత్తం కోడ్ అయిపోతుంది. రాసినవాడికి ఇవేవీ కనపడవు. పేజీ బయటికి పోయాక చదివేవాడికి కనపడతాయి.

చేరిన రోజు మా సీనియర్ అడిగినాడు, "ఏ ఊరప్పా మీది?"

"కోడుమూరు దగ్గర."

"అట్లయితే ఈ పనికి నువ్వే సరి. శెనిక్కాయలు ఇత్తేటోళ్లు, యాడ ఎంత ఎడం వదలల్లో మీకు బాగా తెలుస్తాది."

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఆ నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

ఆయన అన్నది అబద్ధమూ కాదు. విత్తేటప్పుడు గింజలు జారే గొర్రు గొట్టాల్లో ఒకదానికి మట్టి అడ్డుపడితే ఆ సాలంతా ఖాళీగా పోతుంది. ఆ పూట ఎవరికీ తెలియదు. వారం తర్వాత మొలకలొచ్చినప్పుడు తెలుస్తుంది, అప్పటికి నేలలో పదను ఆరిపోయి ఉంటుంది. అందుకే మా అమ్మ గొర్రు వెనకాలే నడుస్తూ, మాటిమాటికీ వంగి, మట్టి గీకి గింజ పడిందా లేదా చూసేది. నేను చేసేదీ అదే. మా ఊళ్లో దాన్ని చిన్న పని అని ఎవరూ అనలేదు.

మా మాన్యువల్‌ను ఏ రైతూ కూర్చుని చదివేవాడు కాదు. ఏదైనా నిలిచిపోతే ఫోన్ చేసేవాడు. సపోర్టులో కూర్చున్న అమ్మాయి, "అన్నా, పేజీ తెరిచినావా? మొదటిది చెయ్యి. అయిందా? ఇంక రెండోది" అంటూ అంకెలతోనే నడిపించేది. అందరికీ అదే అలవాటు. అంకె చెబితే చాలు, పని అయిపోతుంది.

మోటారును ఆడించే కంట్రోలర్ పెట్టె మొండికేస్తే ఏం చేయాలో చెప్పే పేజీలో ఏడు స్టెప్పులు. మూడోదానికీ నాలుగోదానికీ నడుమ ఒక బొమ్మ. ఆ బొమ్మ ముందు నాలుగు ఖాళీలు వదిలితే అది మూడో స్టెప్పులో భాగమవుతుంది. వదలకపోతే జాబితా అక్కడికి అయిపోయిందనుకుని, నాలుగోదానికి మళ్లీ ఒకటి అని అంకె పడుతుంది. పేజీలో పడింది అదే. బొమ్మకు పైన రెండో స్టెప్పు, మోటారు ఆపండి. బొమ్మకు కింద రెండో స్టెప్పు, పాత టైమింగులన్నీ తుడిచేయండి. తుడిచే ముందు వాటిని దాచుకోమని చెప్పే స్టెప్పు దానికి పైనే ఉంది. కానీ అంకె విని నొక్కేవాడు పైన చూడడు.

నేను చూసినాను. నాలుగు ఖాళీలు పెట్టి, ఎందుకు పెట్టినానో రెండు ముక్కలు రాసి, ఏ మార్పయినా ఒప్పుకోవాల్సిన సీనియర్‌కు పంపినాను. ఆయన తిప్పి పంపినాడు. "విషయంలో మార్పేమీ లేదు" అని కారణం. ఆయన సీటు దగ్గరికి పోయి చెప్పబోయినాను. తల తిప్పకుండానే, "ఏమప్పా, ఇయ్యాల ఎన్ని స్పేసులు కొట్టినావు? నాలుగేనా?" అన్నాడు. మళ్లీ పంపినాను. మళ్లీ తిప్పి పంపినాడు. మూడోసారి నేను పంపలేదు. ఎందుకంటే అలిగినాను. అంతకంటే పెద్ద కారణం లేదు.

పది రోజులకు మా కోడుమూరు వైపు నుంచే ఒక రైతు ఫోన్ చేసినాడు. ఎండలు ముదిరినాయి, ఉల్లి మళ్లకు నీళ్లు పారడం లేదు. అమ్మాయి "రెండోది చెయ్యన్నా" అంది. ఆమె అన్నది మోటారు ఆపమని. ఆయన ముందు కనపడుతున్నది బొమ్మ కింది రెండు. చేసినాడు. పద్నాలుగు మళ్లకు చూసి చూసి పెట్టుకున్న టైమింగులన్నీ పోయినాయి.

అమ్మాయి ఫోన్ నా చేతిలో పెట్టింది. "మీ పక్కోళ్లే అన్నా, నువ్వు మాట్లాడు."

"ఈ బుక్కు రాసినోడివి నువ్వేనాప్పా?"

"రాయలేదన్నా. సరిచేస్తాంటా."

"ఏం సరిచేస్తాండావు? ఈడ మూడు తర్వాత మళ్లా ఒకటి వచ్చిండాది. మా ఇంట్లో నాలుగేండ్ల పాప ఉండాది, పంపీమంటావా, మీకు లెక్కలు నేర్పేకి?"

నా ముందున్న స్క్రీన్ మీద ఆ పేజీ తెరిచినాను.

"యా ఊరు నీది?"

చెప్పినాను.

"మనోడివే. మనోడివై ఉండి గూడా చూడకపోతివా?"

చూసినాను అనే మాట నోటిదాకా వచ్చింది. ఆఫీసు సంగతి బయట చెప్పకూడదని మింగినాను. ఆ మాట ఇప్పటికీ గొంతులోనే ఉంది.

మర్నాడు మీటింగులో మేనేజర్ అడిగితే సీనియర్ నా వైపు చెయ్యి చూపించినాడు. "ఆ పేజీలు చూసుకునేది ఆయనే కదా." నేను లేచి మార్పుల చరిత్ర తెరిచి పెద్ద స్క్రీన్ మీద పెట్టినాను. రెండుసార్లు పంపింది, రెండుసార్లు తిప్పికొట్టింది, పక్కన ఆయన పేరు. మేనేజర్ గొంతు సవరించుకుని, "అవన్నీ తవ్వుకుంటే యాడికి పోతామప్పా? ముందు సరిచేయండి" అన్నాడు.

మధ్యాహ్నానికి పేజీ సరయింది. సరిచేసింది సీనియర్. అవే నాలుగు ఖాళీలు. "జాబితా లోపాన్ని గుర్తించి సవరించాను" అని కింద ఆయన రాసుకున్నాడు.

నెల తిరిగాక కొత్త వెర్షన్‌కు చివరి పేజీ తయారైంది, పనిచేసినవాళ్ల పేర్లతో. సీనియర్ నాకే పంపినాడు. "పేర్లన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి, ఒకసారి చూడప్పా." చూసినాను. ఆయన పేరు మొదటిది. ప్రశ్నలు-జవాబుల పేజీ రాసిన సపోర్టు అమ్మాయి పేరు కూడా ఉంది, అది న్యాయమే. రెండుసార్లు వెతికినాను.

"నా పేరు లేదే?"

"అవి రాసినోళ్ల పేర్లప్పా. నువ్వు రాయలేదు కదా."

ఆ మాట నేనే రైతుతో అని ఉన్నాను.

పన్నెండో పేరు చేర్చడానికి నాకు అడ్డేమీ లేదు, పేజీ నా చేతిలోనే ఉంది. చేర్చలేదు. నా పేరు నేనే రాసుకుంటే ఇక అది వాళ్లు ఇచ్చినట్టు కాదు. పదకొండు పేర్లనూ విడదీసి, ఒక్కో పేరుకు ఒక్కో వరుస ఇచ్చి, ప్రతి పేరు ముందూ చుక్క గుర్తు, గుర్తు తర్వాత ఖాళీ పెట్టి పంపినాను. నిమిషంలో ఒప్పుకున్నాడు. విషయంలో మార్పేమీ లేదని ఈసారి అనలేదు.

ఇప్పుడు నేను కర్నూల్లో వేరే కంపెనీలో ఉన్నాను. కడపలో ఆ పాత కంపెనీ నుంచి కొత్త వెర్షన్ వచ్చిందని తెలిసినప్పుడల్లా ఆ మాన్యువల్ తెరుస్తాను. ముందు ఆ ఏడు స్టెప్పులూ లెక్కపెడతాను. సరిగ్గానే ఉంటాయి. తర్వాత చివరి పేజీకి పోతాను.