బండి చప్పుడు, మావయ్య చప్పుడు

చిన్నప్పుడు సముద్రం మధ్య దీవిలో, హాడోలో, మా ఇంట్లో ఆదివారమంటే... కోడికూర కాదు, మావయ్య! మా మేనత్త భర్త, నాన్నకు బావ. పెద్ద ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు. వాకిట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని, లోకంలో ఎవరికి ఏ పని చేతకాదో చెబుతుండేవాడు. ఆయనకు చేతనైన పనేమిటో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

నాన్న తెల్లవారకముందే జెట్టీకి వెళ్లి చేపలు కొని, క్వార్టర్లలో ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. ఎక్కడం, దిగడం తప్ప సమంగా సాగే రోడ్డు లేని ఊరు మాది. ఐసు పెట్టె కట్టిన సైకిల్ని ఆ ఎత్తుల్లో తోసుకుంటూ వెళ్లి, రాత్రికి మోకాళ్లు పట్టుకుని కూర్చునేవాడు. అలాంటి మనిషి ఒక పాత మోటారుసైకిలు కొన్నాడు... అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. నేనూ చెల్లీ వంతులేసుకుని తుడిచేవాళ్లం.

మావయ్య ఊరుకుంటాడా? వైజాగ్ నుంచి ఓడలో మెరిసే లెగ్‌గార్డు ఒకటి తెప్పించాడు. పడితే కాళ్లకు దెబ్బ తగలకుండా ఇంజను ముందు బిగించే కడ్డీ అది. మెకానిక్ అక్కర్లేదంటూ తన చేతులతో తానే బిగించాడు. వీధంతా వినేలా ఆ సంగతి చెప్పాడు కూడా.

వానలు మొదలయ్యాక బండికి చప్పుడు పట్టుకుంది... కాస్త వేగం అందుకుంటే చాలు, హ్యాండిలు అదిరి నాన్న చేతులు తిమ్మిరెక్కేవి. నాన్న "గడగడ" అనేవాడు. అమ్మ "కాదు, గలగల" అనేది. చెల్లి నోటితో "జిర్ర్..." అని చేసి చూపించేది. మెకానిక్ భయ్యా "ఆవాజ్ కైసా హై?" అని చప్పుడు ఎలా ఉందో అడిగితే, నాన్న పాపం "గడగడా ఆతా హై భయ్యా" అన్నాడు. అతను గొలుసు బిగించాడు, ఆయిలు మార్చాడు. గడగడ అలాగే ఉంది.

మావయ్య కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు.

"ఇంజన్ ఖతమ్ అయిపోనాదిరా అప్పన్నా! నీవల్ల అవ్వదు గానీ, మావోడికిచ్చీ. ఆడేవో తిప్పలు పడతాడు. నువ్వు సైకిలెక్కు... నీకలవాటే కదా!"

'నీకలవాటే కదా'... ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాన్న కాదనలేదు. అక్క మొగుడు కదా! వచ్చే ఆదివారం కొడుకుని తెచ్చి బండి తీసుకెళతానని మావయ్య లేచాడు. అమ్మ ఆ వారమంతా గిన్నెలతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆదివారం రానే వచ్చింది. బండి ఇంకా చేతికి రాకుండానే మావయ్య కొడుకు నల్ల కళ్లద్దాలు పెట్టుకొచ్చాడు.

"ఒక్కసారి సూసుకుంటాను బావా... తరవాత పట్టికెల్లిపోండి" అన్నాడు నాన్న. స్టాండు వేసి, ఇంజను రేజ్ చేసి, గడగడ మొదలైన చోట చేతిని అలాగే ఉంచాడు. తలా ఒక భాగం గట్టిగా పట్టుకోమన్నాడు. దేన్ని పట్టుకుంటే చప్పుడు ఆగుతుందో దానిదే దోషమట. అమ్మ మడ్‌గార్డు పట్టుకుంది. చెల్లి నంబరు ప్లేటు. నేను హెడ్‌లైటు. ఊహూ... ఆగలేదు.

"బండికి దిష్టి తీస్తన్నారేటి!" అని టీ తాగుతూ నవ్వాడు మావయ్య. కొడుకూ నవ్వాడు... తండ్రి నవ్వితే నవ్వడం తప్ప వాడికింకేం వచ్చు?

ట్యాంకును రెండు వైపులా పట్టుకోమన్నాడు నాన్న. అవతలి వైపు నాకు అందలేదు. గార్డు మీద కాలు పెట్టి పైకి లేచాను.

గడగడ ఆగిపోయింది.

"ఒలే! నానిచ్చిన గార్డు మీద కాలెడతావేటే! తియ్!" అని అరిచాడు మావయ్య. తీశాను. మళ్లీ గడగడ.

"ఎట్టమ్మా" అన్నాడు నాన్న, మెల్లగా. పెట్టాను. ఆగింది. "తియ్." గడగడ. "ఎట్టు."

అంత తృప్తిగా నేను జీవితంలో మరి దేనిమీదా కాలు పెట్టలేదు!

అన్నిటినీ పట్టుకున్నాం గానీ దాన్ని పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. బావ ఇచ్చింది కదా... దాన్ని అనుమానించడం మా ఇంటావంటా లేదు. చూస్తే, కింద మావయ్య బిగించిన బోల్టు పొట్టిది. సగం మరలు కూడా పట్టలేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టి వదులై, కడ్డీ వెళ్లి ఫ్రేముకు కొట్టుకుంటోంది. నాన్న పాత ట్యూబు ముక్క చుట్టి, పొడుగు బోల్టు వేసి బిగించాడు. బండి గొంతు మారిపోయింది.

మావయ్య సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? గ్లాసు కింద పెట్టి, "నాను ముందునించీ సెప్తన్నాను, ముందేపు సూడమని!" అన్నాడు.

"అవును బావా" అన్నాడు నాన్న.

తండ్రీకొడుకులు బస్సెక్కి వెళ్లిపోయాక నేను ఏడుస్తూ నాన్న మీద విరుచుకుపడ్డాను. నాన్న చేతులు తుడుచుకుంటూ, "బండి మనకాడ ఉండిపోనాది కదమ్మా... పేరు ఆయన్ని పట్టికెల్లిపోనీ" అన్నాడు.

ఇప్పుడెవరికి పట్టింది... బండి చప్పుడు చేస్తే చెవుల్లో పాట పెంచుకుంటారు. లేకపోతే సర్వీసు సెంటర్లో తాళం పడేసి, ఏసీలో కూర్చుని ఫోను గీకుతుంటారు. ఇంటిల్లిపాదీ ఒక బండిని వాటేసుకుని చెవులు రిక్కించడం మా పిల్లలకు చెబితే నవ్వుతారు.

పోయినేడు నాన్న పెద్దకార్యం నాడు, భోజనాల దగ్గర మావయ్య మళ్లీ ఆ కథే ఎత్తుకున్నాడు... చప్పుడు తానే కనిపెట్టాడట. చెప్పడం అయ్యాక అలవాటుగా ఆగాడు. 'అవును బావా' అనే మనిషి లేడు. అందరూ నావైపు చూశారు... నేను అనలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకాయన ఉండే ఉంటాడు. ఆయన ఏం బిగించాడో, మీ నాన్న ఏం మింగాడో... కింద రాయండి. ఇక్కడ మొహమాటం అక్కర్లేదు.