చెంచా కాడతో నేను చేసిన పని

నన్ను చావు నుండి తప్పించాడని చెప్పడానికి కాదు సహోదరులారా, నా చేతుల మీదుగా ఒక పసిబిడ్డ ప్రాణం పోకుండా దేవుడు ఆపాడని చెప్పడానికి ఈ శుక్రవారం మీ ముందు నిలబడ్డాను.

మాది కడప దగ్గర పల్లె. ఇక్కడ పెద్ద తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు నేను ఈ అరబ్బు దేశానికొచ్చి, ఇబ్రా అనే ఊళ్లో ఒక ఇంట్లో పనికి కుదిరాను. ఆ ఇంటికి కొత్త వాషింగ్ మిషన్ వచ్చింది. దాని ప్లగ్గుకు రెండే పిన్నులు, గోడ సాకెట్‌కేమో మూడు బొక్కలు. మన రూముల్లో అందరూ చేసేదే నేనూ చేశాను. కింది రెండు బొక్కల మూతలు తెరుచుకునేలా పైబొక్కలో చెంచా కాడ గుచ్చి, ప్లగ్గును లోపలికి నెట్టేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొన్నాళ్లకు మిషన్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనడం మొదలైంది. నరాల బలహీనతేమోనని నూనె రాసుకున్నాను, ఉపవాసం కూడా ఉన్నాను. రబ్బరు చెప్పులు వేసుకున్నాక జివ్వుమనడం ఆగితే ప్రార్థన ఫలించిందని సాక్ష్యం చెప్పుకున్నదాన్ని నేనే!

ఒకరోజు ఆ ఇంటివాళ్ల మూడేళ్ల పాప స్నానం చేసి తడికాళ్లతో పరుగెత్తుకొచ్చి మిషన్ పట్టుకుంది, కెవ్వుమని వెనక్కి పడింది. పాపకు ఏమీ కాలేదు. మోకాళ్ల మీద పడి, "ప్రభువా, ఈ కీడు తొలగించు" అన్నాను. జివ్వుమన్నది నా నరాలు కాదు, మిషనేనని, చెంచాతో నా చేత్తో పెట్టిన కీడునే ఆయన్ను తీయమంటున్నానని అప్పుడే అర్థమై సిగ్గుతో ఏడ్చాను.

లేచి స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, మేడమ్‌కు ఉన్నదంతా చెప్పేశాను. "పని తప్పించుకోవడానికి సాకులా? ఊరికి పంపించేస్తాను" అంది ఆమె. "పంపించండి మేడమ్, కరెంటు పని తెలిసిన మనిషి వచ్చి చూసేదాకా ఈ మిషన్ మాత్రం వేయనివ్వను" అన్నాను. మూడు రోజులు ఇంటిల్లిపాది బట్టలూ చేత్తోనే ఉతికాను.

నాలుగో రోజు కరీంనగర్ తమ్ముడొకడు టెస్టర్ పట్టుకొని వచ్చాడు. "అక్కా, మిషన్ల కరెంటు లీకైతుంది. అది నేలలకు పోనీకి ఎర్త్ వైరు ఉండాలె. నువ్వు పెట్టిన ప్లగ్గుకు ఎర్త్ అందుతనే లేదు" అన్నాడు. లీకు బాగుచేసి, ఎర్త్ వైరుతో మూడు పిన్నుల ప్లగ్గు వేశాడు. ఇంటి వెనక ఆ వైరు నేలలోకి దిగే ఎర్త్ గుంత చూసి, ఇక్కడి నేల ఎండిపోతుంది, ఎండితే కరెంటు లోపలికి దిగదు, అప్పుడప్పుడు నీళ్లు పోయమన్నాడు. మేడమ్ నన్ను పంపించలేదు. దేవునికే మహిమ.

మీరు దాచిపెట్టిన తప్పు ఏదైనా ఉంటే ఈరోజే చెప్పేయండి. ఆయన్ను నమ్మండి, ఆయన మిమ్మల్ని నిలబెడతాడు. రూముకు వెళ్లి మీ ప్లగ్గులు కూడా చూసుకోండి. నేను మాత్రం ప్రతి శుక్రవారం ఆ గుంతలో ఒక బకెట్ నీళ్లు పోసి, పాప పేరు చెప్పి ప్రార్థన చేసుకొన్నాకే ఈ కూడికకు వస్తాను. ఈరోజు కూడా పోసే వచ్చాను.