కుంకుమబొట్టు పెట్టిన కంప్యూటర్

మా పక్కింటి టీచరమ్మ మంగళవారం పొద్దున గుండెపోటుతో ఆసుపత్రిలో పోయారు. ఫోన్ చేసి ఆ కబురు చెప్పినవాడు మా హౌసింగ్ సొసైటీ సెక్రటరీ. గొంతులో దుఃఖం బాగానే పలికించాడు. రేపటి సంతాపసభకు తానే అధ్యక్షుడట. అందుకే సభకు ముందే ఇది రాస్తున్నాను.

ఆమె మాదాపూర్‌లోనే పుట్టి పెరిగారు. టైపు నేర్పేవారు. చుట్టూ కంప్యూటర్ ఆఫీసులు లేస్తుంటే తానూ కంప్యూటర్ నేర్చుకుని, సాయంత్రాలు మా సొసైటీ కాగితాలు టైపు చేసేవారు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకున్నాకే మీటలు తాకేవారు.

ప్లాట్లు ఎవరికి రావాలో చెప్పే సభ్యుల జాబితా సొసైటీ హాల్లోని కంప్యూటర్‌లో ఉండేది. పాత రిజిస్టరును చెదలు పట్టిందని సెక్రటరీ అప్పటికే తగలబెట్టించాడు. ఆయుధపూజకు ముందురోజు జాబితా కూడా పోయింది. "పొరపాటున డిలీట్ అయిందండి. గుర్తున్నంతవరకు మళ్లీ రాశాను" అని చేతిరాత కాగితం చూపించాడు. అందులో నా పేరు లేదు.

పండగ వెళ్లాక టీచరమ్మ వచ్చి కంప్యూటర్ చూపిస్తూ అడిగిన మొదటి మాట: "పెద్దసారూ, దీన్ని ఎవరన్న ముట్టిన్రా?"

"ఎవరు ముడతారమ్మా? సెక్రటరీయే బొట్టు పెట్టి, దండ వేసి, దసరా దాటేదాకా ఆన్ చేయొద్దన్నాడు."

ఆమె పగలబడి నవ్వారు. "గట్లనా! అయితే ఆయనే కాపాడిండు. పోయినదాని మీద ఇంకోటి రాయకుంటే దొరుకుతది. ఇగ ఫికర్ చెయ్యకుండ్రి."

ఏదో ఫ్లాపీ పెట్టారు. కాసేపటికి జాబితా పేరుపేరునా తిరిగొచ్చింది.

సర్వసభ్య సమావేశంలో టీచరమ్మ రెండు జాబితాలూ పైకి చదివి, సెక్రటరీ వైపు తిరిగారు. "మీ యాదిల మీ బామ్మర్దులు మస్తు గట్టిగున్నరు సార్. ఈ పెద్దసారొక్కడే జారిపోయిండు!" హాలంతా నవ్వింది. సెక్రటరీ చెమట తుడుచుకున్నాడు.

నా ప్లాటు నాకు దక్కింది. ఆమె పని పోయింది. ఇక ఆమె అవసరం లేదన్న తీర్మానం మీద కమిటీ సభ్యుడిగా నేనూ సంతకం పెట్టాను. నా ప్లాటు రిజిస్ట్రేషన్ అప్పటికింకా కాలేదు; దానికి సెక్రటరీ సంతకం కావాలి. నేను సంతకం పెట్టానని తెలిసి కూడా ఆమె నన్ను పెద్దసారూ అనే పిలిచారు. సెక్రటరీని మాత్రం మేమే మళ్లీ ఎన్నుకున్నాం.

సభ ఆ హాల్లోనే. పాత కంప్యూటర్ ఇంకా అక్కడే మూలన ఉంది. ఇవాళ నేనే వెళ్లి దాన్ని బల్లమీదికి చేర్చి, మానిటర్ మీద ఆమె ఫొటో నిలబెట్టి వచ్చాను. రేపు సెక్రటరీ దండతో దగ్గరికొస్తే కళ్లెదుట కనబడేది తన వేలిముద్రే: గాజుతెర అంచున ఎండి నల్లబడిన కుంకుమబొట్టు. పని చేసినన్నాళ్లూ టీచరమ్మ దాన్ని ఎవరినీ తుడవనివ్వలేదు.