పాలతో మాత్ర

మా ఇంట్లో మాత్ర ఎప్పుడూ పాలతోనే వేసుకోవాలి. పరగడుపున మందు పడితే పేగులు మాడిపోతాయని మా అమ్మ చెప్పింది, నేను నమ్మాను. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి మరీ నమ్మాను.

మా ఆయనకు పార్కిన్సన్స్ అని తేలినప్పుడు, నెలకోసారి నందిగామ వచ్చే నరాల డాక్టరు మాత్రలు రాసి, తిండికి అరగంట ముందు నీళ్ళతో వేసుకోమన్నాడు. జగ్గయ్యపేట తిరిగొచ్చిన మర్నాడే నేను ఆయన చేతిలో మాత్ర పెట్టి, చిక్కటి గేదెపాల గ్లాసు అందించాను.

"నీళ్ళతో అన్నాడుగా," అన్నారు.

"ఆయన రాస్తాడు, పోతాడు. కడుపులో మంటొస్తే చూసుకునేది నేను. తాగండి."

తాగారు. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి, చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు. జబ్బొచ్చాక అది నూతిలోంచి వస్తున్నట్టయింది. అప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి వాదనా నేనే గెలిచాను.

మందు పని చెయ్యలేదు. చొక్కా గుండీలకు పావుగంట పట్టేది. గడప దగ్గరకొస్తే కాళ్ళు నేలకు అతుక్కుపోయేవి. ఒక ఆదివారం చర్చికి బయల్దేరి అక్కడే నిలబడిపోతే వెనక నుంచి అరిచాను.

"ఎంతమందికి లేదీ జబ్బు? అందరూ మీలాగే గుంజల్లా నిలబడ్డారా? ఒళ్ళు వంచాలని లేదు మీకు!"

తిరిగి చూడలేదు. అప్పటికి తిరగడం కూడా కష్టమే. ఆ సంగతి నాకు తెలుసు.

మూడో నెల మళ్ళీ నందిగామ వెళ్ళాం. డాక్టరు ఆయన వేళ్ళు ఆడించి, నడిపించి చూసి పెదవి విరిచాడు.

"ఈపాటికి తేడా రావాలే. మాత్ర ఎలా వేసుకుంటున్నారు మాస్టారూ?"

"నీళ్ళతోనేనండి. అరగంట ముందు."

అబద్ధమాడిన పిల్లల చేత గోడకుర్చీ వేయించిన మాస్టారు! నా వంక చూడలేదు. డాక్టరు డోసు పెంచుదామంటూ కలం తీశాడు. నోరు మూసుకుంటే నా పరువు నిలిచేది.

"పాలతో అండి. నేనే ఇచ్చా. ఈయన వద్దన్నారు."

డాక్టరు కలం కింద పెట్టాడు. పాలలో, పప్పులో, గుడ్డులో ఉండే మాంసకృత్తులు ఆ మందును ఒంటికి సరిగ్గా పట్టనివ్వవట. "పాలు మానమని కాదమ్మా, మందుతో వద్దు," అన్నాడు. తిడితే తిరిగి నాలుగు అనేదాన్ని. తిట్టలేదు.

తిరుగు బస్సులో అడిగాను. "ఎందుకు అబద్ధం చెప్పారు?"

ఏదో అన్నారు. చెవి నోటి దగ్గర పెట్టాను.

"నిన్ను ఏమన్నా అంటాడేమోనని."

ఇప్పుడు పొద్దున్నే నీళ్ళతో మాత్ర, అరగంట ఆగి పాలు. గుండీలు తనే పెట్టుకుంటున్నారు. గడప మాత్రం ఒకరోజు దాటనిస్తుంది, ఒకరోజు దాటనివ్వదు. నిన్న మళ్ళీ అక్కడ ఆగిపోయారు. మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగి, వెనకే నిలబడ్డాను.

"అరవ్వేం? ఒంట్లో బాలేదా?" అన్నారు, నాకు స్పష్టంగా వినిపించేలా.