వణుకు ఆగిన చేతులు

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం ఉదయం ఆరున్నరకు, మా నాయనమ్మ చోడి అంబలి గ్లాసును నేల మీద పెట్టకుండా మా చిన్నాన్న చేతికే ఇచ్చింది.

మాది నౌపడ దగ్గర ఉప్పు మడుల ఊరు. వేసవిలో పని ముగించిన మగవాళ్లు అందరి ఎదుటా తాటాకు దొప్పల్లో కల్లు తాగేవారు. అందులో దాపరికం లేదు. మా చిన్నాన్న మాత్రం దొప్ప తన ముందుకు వస్తే చేయి అడ్డం పెట్టి, "నాకొద్దు బావా, నాను ముట్టను" అనేవాడు. దాంతో ఊరు ఆయన్ను బుద్ధిమంతుల్లో చేర్చేసింది. కల్లు ముట్టనివాడు మరేదీ ముట్టడట! పొద్దున్నే ఆయనకు కడుపులో తిప్పితే పైత్యం అన్నారు. పనికి ఆలస్యంగా వెళితే నీరసం అన్నారు. మాట మధ్యలో లేచి పశువుల పాకలోకి వెళ్లి వస్తే పశువుల మీద ప్రేమ అన్నారు. ఈ సంజాయిషీలన్నీ ఆయన నోరు విప్పకముందే మా పిన్ని అందించేది. ఇంటినిండా మనుషులం, అందరికీ కళ్లున్నాయి. అయినా అంతే.

ఆ రోజు చిన్నాన్న తన నాలుగేళ్ల కూతురిని సైకిల్ బారు మీద కూర్చోబెట్టుకుని మడుల గట్టు మీదుగా స్టేషన్‌కు తీసుకెళ్లాలి. గట్టు సన్నం, రెండు పక్కలా నీళ్లు. పిల్ల అప్పటికే కొత్త గౌను వేసుకుని, స్టాండు వేసిన సైకిలెక్కి గంట మోగిస్తోంది.

"అక్కడెట్టమా, తాగుతాను" అన్నాడు చిన్నాన్న.

"పట్టుకోరా, సల్లారిపోతాది."

పట్టుకున్నాడు. సగం అంబలి లుంగీ మీద ఒలికింది. "రాత్రి నిద్దర నేదత్తా, నీరసం" అంది పిన్ని వెంటనే. చిన్నాన్న గ్లాసు దించి పాకలోకి వెళ్లాడు.

"నీరసమయితే కూకోవాల గానీ, పాకలోకి పరుగెడతాడేటే?" అంది నాయనమ్మ.

కాసేపటికి లవంగం నములుతూ, హుషారుగా తిరిగొచ్చాడు. "ఏటమా, పొద్దున్నే కస్సుమంటన్నావు? ఇంకో గ్లాసు పొయ్యి." ఆమె అంచు దాకా పోసింది. ఒక్క చుక్క తొణక్కుండా తాగేశాడు.

నాయనమ్మ వెళ్లి పిల్లను సైకిల్ మీంచి దించేసింది. "ఒరే, వణికీ సేతులకైనా బిడ్డనిచ్చీదాన్నేమో. పాకలోకెల్లొచ్చి వణుకు మానీసిన సేతులకి ఇవ్వను."

"మెల్లిగా అత్తా, ఊరు ఇంటాది."

"ఇననీ. కల్లు ముట్టడని మురిసింది కదా, ఇదీ ఇననీ."

చిన్నాన్న ఒక్కడే స్టేషన్‌కు వెళ్లాడు. ఆ రోజే పాకలో దాచుకుని తాగే సారా మానేశాడని రాస్తే బాగుంటుంది. మానలేదు. పిల్లను మాత్రం ఆయన సైకిల్ ఎక్కించడం మానేశాం. తర్వాత నాయనమ్మ నాకు విడిగా చెప్పింది: తూలేవాణ్ని ఎవరైనా గుర్తుపడతారు, పొద్దున్న వణికి, కాసేపు కనబడకుండా పోయి, కుదురుగా తిరిగొచ్చేవాణ్ని చూడాలి. వాడికంటే ముందు జవాబు చెప్పే మనిషిని కూడా చూడాలి.

చూశాను. ఏళ్ల తర్వాత మా తమ్ముడింట్లో చూశాను. టీ కప్పు కిటికీ మీద పెట్టి, బాత్‌రూముకు వెళ్లొచ్చాక గానీ ముట్టేవాడు కాదు. పైకి చెప్పాను. "పెళ్లిళ్లలో కూడా కూల్‌డ్రింకే తాగుతాడు వదినా, మీకు మరీ అనుమానం" అని మా మరదలు నాతో కొన్నాళ్లు మాట్లాడటం మానేసింది. వాడేమో నవ్వాడు. డాక్టరు దగ్గరికి రమ్మంటే వచ్చే వారం అన్నాడు. ప్రతి వారమూ అదే మాట. చదువుకున్న ఇల్లు, రెండు జీతాలు, తెలివితేటలకు లోటు లేదు. విసుగు తప్ప నాకు మిగిలిందేమీ లేదు.

ఈ వేసవిలో తమ్ముడు పోయాడు. అడిగిన వాళ్లందరికీ హార్ట్ ఎటాక్ అని చెప్పారు. పదకొండో రోజు భోజనాల దగ్గర ఒకాయన, "ఏటైందమ్మా, కుర్రోడు కదా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా మరదలు విస్తరి కింద పెట్టి అంది: "తాగీవోడు మావా. తాగి తాగి పోనాడు. మాకు తెలుసు. దాసినాం."

ఎదుటి మనిషి చేతుల వంక చూసే అలవాటు నాకు ఇంకా పోలేదు. మా ఇంట్లో మాత్రం ఇప్పుడు ఎవరూ హార్ట్ ఎటాక్ అని చెప్పడం లేదు.