పసుపు రాయి

మా మేనత్త కొంగున పసుపు ముడి లేకుండా చేలోకి దిగేది కాదు. గట్టు రాయైనా, మోటారు కింది బండైనా, చేలో కొత్తగా ఏ రాయి పడినా ముందు దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది.

ఆమె వేరుశనగ చేను పుదుచ్చేరి విమానాశ్రయం ప్రహరీని ఆనుకునే ఉండేది. రన్‌వే పొడిగించడానికి సర్వేవాళ్ళు వచ్చి మా చేలల్లో వరసగా రాళ్ళు నాటి వెళ్ళారు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి అత్త తన చేలోని రాయికి పసుపు రాస్తోంది.

"ఏంది అత్తా ఇది? మన చేను తీసుకునేదానికి నాటిన రాయి గదా!"

"తెలుసురా. సామిని చేసేస్తే దీన్ని దాటి యాడికొస్తారు? సామి మీద తారు పోస్తారా?" అంది.

కొన్నాళ్ళకు చేలవాళ్ళమంతా కలిసి గడ్డపారలతో రాళ్ళు పీకేశాం. అత్త చేలోకి వెళ్ళేసరికి ఆమె రాయికి అడ్డంగా కూర్చుంది.

"లే అత్తా, ఇది ఉంటే చేను పోతుంది."

"మొక్కిన సామిని ఎట్టా పీకేదిరా? బిడ్డలకేమన్నా అయితే?" అని రాయిని కావలించుకుని ఏడ్చిందే గాని లేవలేదు.

సర్వేవాళ్ళు మళ్ళీ వచ్చారు. మిగిలిన ఆ ఒక్క రాయి చాలు, అన్నీ అక్కడినుంచే కొలుచుకోవచ్చు అనుకున్నారు. అత్త గట్టు మీద నిలబడి చూస్తోంది. టేపు పట్టుకున్న మనిషి రాయి ముందు ఆగి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత దాని మీద టేపు ఆనించి మా చేలన్నీ కొలిచాడు.