మత్తుకు ముందు అడిగే మాట

భద్రాచలం అడవి దారిలో ఉన్న మా మిషన్ దవాఖానాలో ఏళ్ల తరబడి రోగులకు మత్తిచ్చిన సిస్టరమ్మ మొన్న ఆదివారం ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. కబురు అందేసరికి నేను ప్రసంగం మధ్యలో ఉన్నాను.

ప్రియులారా, దేవుడు మొదటి మనిషి పక్కటెముక తీయబోయే ముందు అతన్ని గాఢంగా నిద్రపుచ్చాడని మీకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ నిద్రను సీసాలోంచి పోసే పని ఈమెది. ఆ మందును హాలోథేన్ అంటారు. ఫ్లోరిన్ కలిపి ఫ్యాక్టరీలో చేసే తియ్యని వాసన ద్రవం. వెలుతురుకు చెడుతుందని గోధుమరంగు సీసాలో వస్తుంది. ఈథర్‌లాగా మంట అంటుకోదు. మోతాదు మించితే మాత్రం గుండె మందగిస్తుంది. అందుకే ఆమెది ఒక చెయ్యి మత్తు యంత్రం మీద, ఒక చెయ్యి రోగి నాడి మీద. "ఇది నిద్ర గాదన్నా, మనిషిని అంచు మీద నిలబెట్టుడు," అనేది.

ఎనభైల్లో నా భార్యకు పేగు మెలిపడింది. ఖమ్మంలో ఇదే హాలోథేన్ ఇచ్చి ఒక ఆపరేషన్ చేసి రెండు నెలలైనా కాలేదు, ఇక్కడ మళ్లీ కొయ్యాలన్నారు. సిస్టరమ్మ అందరినీ అడిగే మాటే అడిగింది.

"మొదటి మత్తు తర్వాత జ్వరం గాని, కామెర్లు గాని వచ్చినయా?"

"ఏం రాలే," అంది మా అత్తగారు. కామెర్లకు ఇచ్చే పసరు మందు సంగతి బయటపెడితే దాని గుణం పోతుందని మా వైపు పట్టింపు. మొదటి ఆపరేషన్ తర్వాతి రోజుల్లో నేను వైరాలో సువార్త కూడికల్లో ఉన్నాను, నాకేమీ తెలియదు.

నాడి పట్టిన సిస్టరమ్మ చెయ్యి ఆగింది. నా భార్య మణికట్టు మీద వాత, ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇదేంది పెద్దమ్మా?"

"పొయ్యి కాలింది."

"పొయ్యి గింత గుండ్రంగ కాలుస్తదా? కామెర్లకు పెట్టించిన వాతేనా కాదా, చెప్పు. పసరు పేరు నేనడుగుతలేను, అది నువ్వే ఉంచుకో."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అవ్," అంది.

హాలోథేన్ తర్వాత కామెర్లు వచ్చిన మనిషికి మళ్లీ అదే ఇస్తే కాలేయం పాడై ప్రాణమే పోవచ్చని సిస్టరమ్మ చెప్పింది. డాక్టరుగారూ సరేనన్నాక పాత ఈథర్ బయటికి తీశారు. అది మంట అంటుకునే మందని వరండాలో పొయ్యి కూడా ఆర్పించింది. తలుపు మూయబోతూ నా వైపు తిరిగింది.

"ప్రార్థన చెయ్యన్నా, జర మెల్లగ. నువ్వు అరిస్తే నాకు ఆమె ఊపిరి వినబడదు."

గోడకు ఆనుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతెత్తకుండా ప్రార్థించాను.

మెలకువ వచ్చాక నా భార్య కక్కుకుంటూ నన్నూ, వాళ్లమ్మనూ, సిస్టరమ్మనూ వరసపెట్టి తిట్టింది. నేను ఆపబోయాను.

"తిట్టనియ్యి అన్నా. తిట్లకు గాలి గావాలె గద."

అలా అని, యంత్రం పక్కనే నిలబడి అందరి మత్తూ కొంత కొంత తానూ పీల్చిన ఆ మనిషి కిటికీ రెక్కలు తెరిచి, తల బయటపెట్టి, కళ్లు మూసుకుని అడవి గాలిని గుండెనిండా పీల్చుకుంది.